నల్లపిల్లిని ఇంట్లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మా ఇల్లు అలిపిరికి దగ్గరలో ఉంది. వానకు తడిసి పెరట్లోకి వచ్చిన నల్లపిల్లి కూనను మా అమ్మాయి చేరదీసి ఆవుపాలు పోస్తోంది. మొన్న కాలినడకన కొండకు బయలుదేరుతుంటే అది గడపకు అడ్డం వచ్చిందని మా అత్తగారు వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కొని, కాసేపు కూర్చుంటే గానీ కదలలేదు. దాన్ని ఊరిబయట వదిలి రమ్మంటున్నారు. నల్లపిల్లి అరిష్టమన్న నమ్మకం అన్ని దేశాల్లోనూ ఉందా?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: లేదమ్మా. స్కాట్లాండ్‌లో ఎవరిదో తెలియని నల్లపిల్లి గుమ్మంలోకి వస్తే సిరి వచ్చినట్టే భావిస్తారు. ఇంగ్లండ్ తీరంలో సముద్రం మీదికి వెళ్లిన భర్తలు క్షేమంగా తిరిగి రావాలని కొందరు స్త్రీలు నల్లపిల్లిని ప్రత్యేకంగా పెంచుకునేవారు. జపాన్ దుకాణాల్లో చెయ్యెత్తి పిలుస్తున్నట్టుండే పిల్లి బొమ్మల్లో నల్లవి కీడును దరిచేరనీయవని నమ్మకం.

ఐరోపాలో ఈ భయానికి పాత చరిత్ర ఉంది. 1233లో పోప్ తొమ్మిదో గ్రెగొరీ, జర్మనీలోని మతవిరోధుల రహస్య సమావేశాల్లో నల్లపిల్లి కనిపిస్తుందని ఒక లేఖలో వర్ణించారు. పిల్లులను చంపమని అందులో ఆజ్ఞాపించారని కొందరు రాస్తుంటారు గానీ, అటువంటి ఆదేశం ఆ లేఖలో లేదు. అయినా ఆ అనుమానం నిలిచిపోయి, తరువాతి శతాబ్దాల్లో మంత్రగత్తెల పేరిట సాగిన హింసలో పిల్లి వారి తోడుగా ముద్రపడింది. మన శకునాల్లోనైతే తెల్లదైనా నల్లదైనా పిల్లి ఎదురొస్తే ఆగడమే. బెంగాల్‌లో తల్లులు బిడ్డల క్షేమం కోసం కొలిచే షష్ఠీదేవికి మాత్రం పిల్లే వాహనం.

ఇక ఆ నలుపు సంగతి. సాధారణంగా పిల్లి వెంట్రుకలో నలుపు మధ్య పసుపు పట్టీలు వేసే ఒక జన్యువు పనిచేయకపోతే, వెంట్రుక మొదలు నుంచి కొస దాకా నల్లగానే పెరుగుతుంది. మీ కూనను ఎండలో ఒడిలో పెట్టుకుని చూడండి, నలుపు అడుగున లీలగా చారలు కనిపించవచ్చు.

మీ అత్తగారి భయం కొండకు వెళ్లేవారి క్షేమం కోసమే కనుక, ఆమెతో వాదించకండి. ప్రయాణం నాడు కూనను వెనక గదిలో ఉంచితే చాలు. ఊరిబయట వదలడం మాత్రం నేను ఒప్పుకోలేను. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును కారణం లేకుండా వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. మరొక్క మాట: ఆవుపాలు చాలా కూనలకు పడక విరేచనాలవుతాయి, కాబట్టి అవి ఆపి, పశువైద్యునికి చూపించి, వయసుకు తగిన ఆహారం, టీకాల సంగతి అడిగి తెలుసుకోండి.