కొరియా యుద్ధంలో అమెరికా సైనికుల పాదాలు బూట్లలోనే ఎందుకు గడ్డకట్టాయి?

1950 నవంబరు, డిసెంబరు నెలల్లో ఉత్తర కొరియాలోని చోసిన్ జలాశయం వద్ద ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయినప్పుడు, అమెరికా మెరైన్లకు ఉన్ని లోదుస్తులు, ఉన్ని చొక్కా, వాటిపైన గాలి చొరబడని పార్కా (తలకప్పు ఉన్న పొడవాటి కోటు) ఉన్నప్పటికీ, వారిని బాగా దెబ్బతీసింది షూపాక్ అనే బూటు. దాని అడుగుభాగం రబ్బరు, పైభాగం తోలు, లోపల పాదం కింద ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని) అట్ట. రబ్బరు బయటి తడిని ఆపేది గాని, లోపలి చెమటను కూడా బయటకు పోనిచ్చేది కాదు. కొండలెక్కి వచ్చిన సైనికుడు కాపలాకు కదలకుండా కూర్చోగానే ఆ చెమట మేజోళ్లలోనే మంచుగా మారేది. తడిసిన అట్టలనూ మేజోళ్లనూ చొక్కా లోపల ఒంటికి ఆనించి ఆరబెట్టుకుని మార్చుకోవడమే దీనికి విరుగుడు, కానీ కాల్పుల మధ్య బూట్లు విప్పే వీలు చాలామందికి దొరకలేదు.

తర్వాత 1951లో వచ్చిన బూటులో ఉన్నిని రెండు రబ్బరు పొరల మధ్య పూర్తిగా మూసివేశారు. చెమట ఆ ఉన్నిదాకా చేరదు కనుక పాదం తడిసినా వెచ్చగానే ఉండేది. నా దృష్టిలో ఆ యుద్ధం నేర్పిన అతి విలువైన మార్పు ఇదే.

ఎదుటి పక్షం స్థితి ఇంకా దారుణం. తూర్పు చైనా నుంచి హడావుడిగా తరలించిన చైనా 9వ సైన్య సమూహంలో చాలామందికి తగిన దూది కోట్లు లేవు, కాళ్లకు గుడ్డ బూట్లే ఉన్నాయి. ఆ సమూహంలో దాదాపు 30,000 మంది చలికాటుకు గురయ్యారు.