ఆ ముల్లు దగ్గర ఆగు

చిరంజీవికి,

ప్రొపెల్లర్ తిప్పే చిన్న టర్బైన్ ఇంజిన్ పరీక్ష మీద నువ్వు రాసిన వ్యాసం మూడుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ నాలుగో పేజీలో "షాఫ్ట్‌ను కదలకుండా పట్టగా ఇంజిన్ తన అపారమైన శక్తిని ప్రదర్శించింది" అని రాశావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. పవర్ అంటే టార్క్‌ని, అంటే షాఫ్ట్‌ని మెలితిప్పే బలాన్ని, తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది. షాఫ్ట్ కదలకపోతే వేగం సున్నా, పవరూ సున్నా. నువ్వు కొలిచింది స్టాల్ టార్క్, అంటే కదలకుండా పట్టిన షాఫ్ట్ మీద పడే టార్క్. "అపారమైన" అనే మాట చేతికి రాగానే అసలు ఏం కొలిచావో మర్చిపోయావు.

అసలు ఇంజిన్ నడుస్తుంటే షాఫ్ట్‌ని ఎలా పట్టి ఉంచగలిగారు? చదివేవాడికి మొదట వచ్చే అనుమానం ఇదే, నువ్వు దాన్ని దాటేశావు. తిరిగే టేబుల్ ఫ్యాన్ ముందు ఆఫ్ చేసిన ఇంకో ఫ్యాన్ పెట్టి దాని రెక్క పట్టుకో. మొదటిది ఆగదు. నీ ఇంజిన్‌లో షాఫ్ట్‌ని తిప్పే వెనక టర్బైన్ చక్రానికీ ముందు భాగానికీ మధ్య ఉన్నది వేడి గాలే, ఇనుము కాదు. ఒకే షాఫ్ట్ ఉన్న ఇంజిన్‌ని అలా పడితే ఆగిపోయేది. ఈ నాలుగు ముక్కలూ రాయి.

ఇక అసలు సంగతి. షాఫ్ట్‌కి బిగించిన 25 సెంటీమీటర్ల కడ్డీ చివర స్ప్రింగ్ కాటా 2.4 కిలోలు చూపించిందనీ, మీ స్నేహితుడు స్క్రూడ్రైవర్ పిడితో గేర్‌బాక్స్‌ని తట్టగానే ముల్లు 2.6కి జరిగిందనీ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లిపోయావు. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. ఆ 200 గ్రాములు గేర్ల పళ్ల మధ్య రాపిడి పట్టేసుకున్న బరువు. బరువుని కడ్డీ పొడవుతో గుణించి 5.9 న్యూటన్ మీటర్లు అనుకున్న టార్క్ 6.4 అయింది. థ్రాటిల్ (ఇంధనం పెంచి తగ్గించే మీట) పెంచుతూ వచ్చి ఆగితే ఆ రాపిడి వల్ల ముల్లు తక్కువ చూపిస్తుంది, పైనుంచి తగ్గిస్తూ వస్తే ఎక్కువ చూపిస్తుంది. నిజం ఆ రెంటి మధ్యలో ఉంటుంది. నీ వ్యాసమంతా అక్కడే ఉంది.

అంకె ఒక్కటీ రాస్తే చాలదు, అది ఎలా చేతికొచ్చిందో రాయాలి. ముప్పై ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నాను. నా తొలి రోజుల్లో మోటార్ వైండింగ్ షాపులో ఇలాంటి పరీక్షే చూసి వ్యాసం రాశాను. ఎడిటర్ గారు "కొలతలు విసుగు" అని కడ్డీ పొడవు కొట్టేసి బరువు మాత్రం ఉంచారు. టార్క్ అన్న చోటల్లా "భ్రామకం" అని దిద్దారు. అచ్చయిన వారానికి ఒక మెకానిక్ దగ్గర్నుంచి పోస్ట్‌కార్డు వచ్చింది. అందులో ఒక్కటే వాక్యం: "అయ్యా, కడ్డీ పొడవెంత?" ఆయనకి జవాబు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ ఎడిటర్‌ని ఇప్పటికీ క్షమించలేదు.

ఇంకోటి. ఆ 6.4 మొత్తం ప్రొపెల్లర్‌కి అందుతుందన్నట్టు ముగించావు. షాఫ్ట్ వేగం పెరిగే కొద్దీ టార్క్ తగ్గుతుంది. పవర్ బాగా వచ్చే చోట ఇందులో దాదాపు సగమే మిగులుతుంది. సరిదిద్దు.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం. ముందు థ్రాటిల్ తగ్గిస్తూ వచ్చి, గేర్‌బాక్స్‌ని తట్టకముందు ముల్లు ఎక్కడుందో, తట్టాక ఎక్కడ ఆగిందో చూసి, ఆ పేజీ మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు