నీడబొమ్మలకు సీసం ఎందుకు?

ప్రశ్న: మూకీల కాలంలో కత్తిరించిన నీడబొమ్మలతో పూర్తి నిడివి చిత్రం తీసిన లొట్టె రైనిగర్ బొమ్మలు అంత నున్నగా ఎలా కదిలేవి? మేం అట్టతో చేసిన బొమ్మ తెరమీద వణుకుతోంది.

జవాబు: 1899లో బెర్లిన్‌లో పుట్టిన రైనిగర్, అరేబియన్ నైట్స్ కథలతో అల్లిన ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ చిత్రాన్ని 1923లో మొదలుపెట్టి 1926లో పూర్తిచేశారు. పాట్స్‌డామ్‌లో ఒక బ్యాంకరు గ్యారేజీ పైభాగమే స్టూడియో. కెమెరా పని భర్త కార్ల్ కోచ్‌ది.

తోలుబొమ్మల్లా నిలబెట్టి ఆడించలేదు. గాజుబల్ల మీద పడుకోబెట్టి, కింద దీపం, పైన కిందికి చూసే కెమెరా పెట్టారు. వెంట్రుకవాసి జరపడం, ఒక ఫ్రేము తీయడం, మళ్లీ జరపడం. తల, భుజం, మోచెయ్యి, మణికట్టు విడివిడిగా కత్తిరించి సన్నని తీగతో కీళ్లు కట్టేవారు. ఆ చేతివేళ్ల కత్తిరింపు చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది!

మీ చిక్కు బహుశా అట్టలోనే ఉంది. దీపం వేడికి అట్ట వంగి గాజు నుంచి లేస్తుంది, సందులోంచి వెలుతురు చొరబడి అంచు మసకబారుతుంది. రైనిగర్ అట్టకు పల్చటి సీసపు రేకు జోడించారు. ఆ బరువుకు బొమ్మ పెట్టినచోటే అతుక్కున్నట్టు ఉంటుంది. సీసం విషం కాబట్టి మీరు వేరే పల్చటి లోహపు రేకు వాడండి. కీలు వదులైతే చెయ్యి దానంతటదే జారుతుంది; బిగిస్తే ఒక్కటి కదిపితే ఒళ్లంతా కదులుతుంది. వేలితో తోస్తే కదిలి, వదిలితే ఆగాలి.