గెడ్డ దాటే ముందు నీళ్ల రంగు చూడు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. సిరిమానోత్సవం అయ్యాక వచ్చే శనివారం నువ్వూ నీ స్నేహితురాళ్లూ కొండల మధ్య దారిన తాటిపూడి జలాశయం దాకా నడిచి, ఒడ్డున షెడ్డులో రాత్రి ఉండి వస్తామన్నారట. "నువ్వైనా వద్దని చెప్పక్కా" అన్నాడు. నేను చెప్పను. మన ఇంట్లో ఆడది కొండెక్కిందంటే ఉద్యోగం కోసం నేను ఎక్కడమే. మనసు పుట్టి వెళ్తున్నది నువ్వే మొదలు. ఆ సంతోషం ఒకపక్క, బెంగ ఒకపక్క, రాత్రి నిద్ర పట్టలేదు.

దారి కష్టమైనది కాదు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో. టార్చి, నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, అటుకులూ బెల్లమూ పెట్టుకో. లోయలోకి దిగాక ఫోను పలకకపోవచ్చు, ఏ దారిన వెళ్లేదీ కాగితం మీద రాసి మీ అమ్మకివ్వు.

నా భయమంతా గెడ్డల గురించే, అదే, కొండవాగుల గురించే. ఏఎన్ఎంగా కొండ ఊళ్లు తిరిగే రోజుల్లో ఓ అక్టోబరు మధ్యాహ్నం టీకాల డబ్బాతో దిగి వస్తున్నాం. నేను, మా సూపర్‌వైజరు, దారి చూపడానికి వచ్చిన కొండదొర తెగ ఆవిడ. నెత్తిన ఎండ కాస్తోంది. పొద్దున చీలమండ లోతున దాటిన గెడ్డే. ఒడ్డుకు రాగానే ఆవిడ ఆగిపోయింది. నీళ్లు టీ రంగుకు తిరిగాయి. అంచుల వెంట నురగ, నురగలో ఎండుటాకులు, పుల్లలు. లోతు మాత్రం పొద్దుటంతే ఉంది. "పైన వాన పడింది, కూకోండి" అంది. ఆయన వినలేదు. మర్నాడు మీటింగుంది, ఎదురుగా ఉన్నది మోకాలు లోతైనా లేదు. వద్దండీ అని నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని దిగాడు. సగం దాటాడో లేదో, అడుగున రాళ్లు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడు మొదలైంది. చూస్తుండగానే నీళ్లు నడుముకొచ్చాయి. ముందు టీకాల డబ్బా పోయింది, వెనకాలే ఆయన. కింద వంపులో కానుగ వేళ్లకు చిక్కుకున్నాడు కాబట్టి బతికాడు. ఊళ్లోంచి తాళ్లు తెచ్చి లాగేసరికి చీకటి పడింది. కాలు విరిగింది. డోలీ కట్టి, అదే చోట, అదే గెడ్డ దాటించాం. అప్పటికి నీళ్లు మళ్లీ మోకాలి కిందకి దిగిపోయాయి. ఆ కాసేపు ఆగలేకపోయాడు తల్లీ.

వాన పడేది ఎక్కడో అనంతగిరి వైపు, నీళ్లొచ్చేది నీ కాళ్ల కిందకి. నీటి రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా ఎత్తైన చోట కూర్చోండి. రాత్రంతా కూర్చోవలసి వచ్చినా సరే. చేతులు పట్టుకుని దాటేద్దామని ఎవరైనా అంటే మొహమాటపడకు, కోప్పడు. ఒకళ్లు జారితే అందర్నీ లాగేస్తారు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ తుపాను వచ్చింది 2018 అక్టోబరు 11న. ఈ రోజులు అటువంటివి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే ప్రయాణం మానెయ్యి. కొండ ఎక్కడికీ పోదు.

జలాశయంలో దిగొద్దు. పైకి నిమ్మళంగా ఉంటుంది, అడుగున ఒండ్రు, కాలు దిగబడితే రాదు. ఆ గోస్తనీ నీళ్లు విశాఖ జనం తాగుతారు, అందులో సబ్బుతో గిన్నెలు కడగకండి.

ఎంత అలిసినా గడ్డిలో, తుప్పల్లో పడుకోకు. కంటికి ఆనని నల్లి లాంటి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి తెలీదు. ఇంటికొచ్చాక చంకలు, నడుము, మోకాళ్ల వెనక చూసుకో. దోమల మందు రాసుకో, నిండు చేతుల చొక్కా తొడుక్కో. వచ్చిన మూడు వారాల్లో జ్వరం తగిలితే పారాసిటమాల్ మింగి ఊరుకోకు. మలేరియాకు రక్తపరీక్ష చేయించుకుని, కొండకు వెళ్లొచ్చానని డాక్టరుకు నోరు తెరిచి చెప్పు. ఆ ఒక్క మాట చెప్పకే ఎంతమంది ఆస్పత్రుల చుట్టూ తిరిగారో నేను చూశాను. నువ్వు చిన్నప్పట్నుంచీ జ్వరం దాచే పిల్లవి. ఒళ్లు కాలిపోతున్నా పరీక్ష రాయడానికి పోయావు. ఈసారి దాచావంటే ఊరుకోను. ఏ అర్ధరాత్రయినా సరే నాకు ఫోను చెయ్యి, బయల్దేరి వస్తాను.

నీ మేనత్త