ఎగిరిపడితే ఎగిరిపో

చిట్టితల్లీ,

వచ్చే వారం బెంగళూరు జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో నీ మొదటి సోలో, అంటే ఒంటరిగా విమానం నడపడం, అట కదా. కాస్త ధైర్యం చెప్పమని మీ నాన్న ఫోన్ చేశాడు. ధైర్యం సంగతి మీ ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటారు. నేను ప్రొపెల్లర్ పాడు చేసుకున్న కథ చెబుతాను.

మద్రాసులో నేర్చుకుని బెంగళూరు వచ్చిన కొత్త. అక్కడ సముద్రమట్టం, ఇక్కడ నేలే దాదాపు 3,000 అడుగుల ఎత్తు. పల్చటి గాలి కదా, ఇంకాస్త స్పీడు ఉంటే మంచిదని 65 నాట్ల (విమాన వేగాన్ని కొలిచే లెక్క) బదులు 75తో దిగాను. ఆ పల్చదనం లెక్క స్పీడు చూపించే ఇండికేటర్‌లోనే కలిసి ఉంటుంది. అది 65 చూపిస్తుంటే నిజానికి 68, ఎండ మండితే 70 దాకా పోతుంటాం. దానిమీద నేనింకో పది వేశాను. పదేగా అనుకోకు, విమానంలో ఉన్న గతిశక్తి మూడో వంతు పెరుగుతుంది.

ఇంకేం, దిగనంటుంది. సగం రన్‌వే అయిపోయింది. ముక్కును పైకీ కిందికీ తిప్పే యోక్‌ను ముందుకు నొక్కాను. ముక్కు చక్రం ముందు తాకి బంతిలా లేచింది. మళ్లీ నొక్కాను, ఇంకా ఎత్తుకు లేచింది. మూడోసారి ముక్కు కాలు వంగి ప్రొపెల్లర్ తారును గీరింది. మిక్సీలో చెంచా పడ్డ చప్పుడు! అది నేలకు తగిలిందంటే ఇంజిన్ మొత్తం విప్పి చూడాల్సిందే.

గాలి మీద నెపం వేద్దామంటే గాలి దిశ చూపించే గుడ్డ గొట్టం, విండ్‌సాక్, తడి తువ్వాలులా వేలాడుతోంది. మొదటి దెబ్బకీ మూడోదానికీ మధ్య అయిదారు సెకన్లున్నాయి. ఇంజిన్ పవర్ పెంచే థ్రాటిల్ నా చేతి కిందే ఉంది. మళ్లీ చుట్టు తిరిగొస్తే కింద వాళ్లు నవ్వుతారని తొయ్యలేదు, అంతే.

నువ్వు మాత్రం మూడో వంతు రన్‌వే లోపల చక్రాలు తాకకపోతే దిగడం మానేసి మళ్లీ పైకి వెళ్లిపో. చిన్నగా ఎగిరిపడితే ముక్కు కదపకుండా పట్టి, కాస్త పవర్ ఇచ్చి దించుకోవచ్చు. పెద్దగా లేస్తే ఫుల్ థ్రాటిల్. నీ సెస్నా 172లో రెక్కల వెనక కిందికి దించిన ఫ్లాప్స్‌ని ముందు 20 డిగ్రీలకే తియ్యి, స్పీడు పుంజుకున్నాక మిగతావి. కంగారులో మొత్తం ఎత్తేస్తే విమానం కిందికి కుంగుతుంది.

ఆదివారం యలహంకలో మా ఇంటికి వచ్చెయ్. కుర్చీలో కూర్చోబెట్టి ఎడమ చేతికి యోక్ అనుకుని పళ్లెం, కుడి చేతికి థ్రాటిల్ అనుకుని గరిటె ఇస్తాను. పైకి వెళ్లిపోయే ఆ వరుస ఇరవై సార్లు చేయాలి. పెద్దమ్మ నవ్వుతుంది, నవ్వనీ.

మీ పెదనాన్న