నరుటో మాంగాలో విలన్ పెయిన్ వెనకున్న అసలు మనిషి జాడ ఎలా దొరికింది? (సమాధానం)
వైద్య నింజా షిజునే శవపరీక్ష చేసే పేజీలు మీరు గబగబా తిప్పేసి ఉంటారు, "నరుటో గురువు జిరాయా చనిపోతూ వదిలిన కోడ్ 'అసలువాడు వాళ్లలో (పెయిన్ శరీరాల్లో) లేడు' అని మాత్రమే చెప్తే నరుటో ఆ అసలువాడు నాగాటో దాకా ఎలా వెళ్లాడు" అన్న సందేహం అందుకే.

1. కోడ్‌లో మొదటి 9 అంకె కాదు, జపనీస్ లిపి కటకానాలోని 'త'. నరుటో స్నేహితుడు షికమారు వాళ్లకి ముడి వీడింది అక్కడే.

2. చాలామంది వదిలేసేది ఇదే: జిరాయా పట్టి పంపిన పెయిన్ శరీరాల్లో ఒకదాన్ని కోసి చూసింది వైద్య నింజా. గాయాలు మాన్పే ఆ చేతులే ఒంట్లోంచి నల్ల కడ్డీలు తీశాయి, అవి చక్రాన్ని (నింజాల శక్తిని) అందుకునే రిసీవర్లు. నాకు నరుటోలో బాగా నచ్చిన చోటు ఇదే, ఆగి చూడండి.

3. చివర్లో నరుటో సేజ్ మోడ్‌లో (ప్రకృతి శక్తిని వాడుకునే స్థితిలో) అలాంటి కడ్డీతోనే చక్రం ఎక్కణ్ణుంచి వస్తోందో పసిగట్టాడు.