చిన్నాకి: ఒక్క పనే చూపించు, మిగతావి మింగెయ్యకు

చిన్నా,

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనల్లుడు మూడు రోజుల్నుంచి తలుపేసుకుని కూర్చున్నాడక్కా. చేయాల్సిన పనుల్లోంచి ఒక్కో పనే చూపించే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, అదే స్క్రిప్టు, రాస్తున్నాడట. ఆ పనులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి" అన్నాడు. నవ్వాపుకోలేకపోయాను. ఒకప్పుడు నా మీద మీ మామయ్య చేసిన ఫిర్యాదు కూడా అచ్చంగా ఇదే. మనింట్లో ఇంకొకడు తన పనిముట్టు తానే చేసుకుంటున్నాడని మురిసిపోయాను. ఫోన్ పెట్టేశాక మాత్రం గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెబుతాను.

తేలికైనవి ముందు. పనులన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్లో పెట్టు, లైనుకో పని. 2006లో టెక్ రచయిత్రి జీనా ట్రపానీ మొదలుపెట్టిన టుడూ డాట్ టీఎక్స్‌టీ పద్ధతి చాలు: ముఖ్యమైన పని ముందు బ్రాకెట్లలో పెద్ద ఏ, అయిపోయిన లైను ముందు చిన్న ఎక్స్. ఎక్స్ ఉన్నవి వదిలేసి, మిగిలినవి వరుసలో పెట్టి, పై లైను ఒక్కటే చూపించు. ఏరడానికి గ్రెప్, వరుసకి సార్ట్, పై లైనుకి హెడ్. మూడు కమాండ్లు, ఒకదాని ఫలితాన్ని తర్వాతదానికి అందించడానికి మధ్యలో రెండు పైపులు. దీనికి మూడు రోజులెందుకురా? రంగులు దిద్దుతున్నావు కదూ!

ఆలోచన మంచిదే, కాదనను. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుంది. 2009లో పరిశోధకురాలు సోఫీ లెరాయ్ దానికి అటెన్షన్ రెసిడ్యూ అని పేరు పెట్టింది. పేరు తెలియకముందే నాకా బాధ తెలుసు, అందుకే నేనూ నీలాంటి స్క్రిప్టే రాసుకున్నాను. తెర మీద "ఈరోజు" అని గుర్తు పెట్టిన పని ఒక్కటే. అది అయ్యేదాకా రెండోది కనపడదు. కొన్ని నెలలు ఎంత హాయిగా గడిచాయో! పూర్తి జాబితా తెరిచి చూడటమే మానేశాను.

ఒక శనివారం సాయంత్రం నాకో తెలివి పుట్టింది. రోజూ రాత్రి రెండింటికి ఫైలు దానంతటదే వరుసలో పడితే బాగుంటుంది కదా అని, చెప్పిన వేళకి కమాండ్లు నడిపే క్రాన్‌లో ఒక లైను చేర్చాను. అంతకుముందు సార్ట్ నడిపి ఫలితాన్ని తెర మీద చూసుకున్నాను, బాగానే వచ్చింది. క్రాన్‌లో రాసేటప్పుడు మాత్రం చివర > గుర్తు (ఫలితాన్ని ఫైల్లోకి పంపేది) పెట్టి మళ్లీ అదే ఫైలు పేరు ఇచ్చాను. మన కమాండ్లు అందుకుని నడిపే షెల్ ఏం చేస్తుందో తెలుసా? సార్ట్‌ని మొదలుపెట్టక ముందే, రాయడానికని ఆ ఫైలు తెరిచి ఖాళీ చేసేస్తుంది. ఆ తర్వాత సార్ట్ వచ్చి చదివేది ఖాళీ ఫైలునే. వరుసలో పెట్టడానికి ఏమీ ఉండదు, ఎర్రర్ కూడా రాదు.

పొద్దున లేచి చూస్తే తెర మీద "ఈరోజు పనులన్నీ అయిపోయాయి, హాయిగా ఉండు" అని ఉంది. ఆ వాక్యం నేను రాసుకున్నదే. నమ్మేశాను! ఆదివారం కదా, నిజమే కాబోలనుకున్నాను. సోమవారం కూడా అదే మాట కనిపించాక అనుమానమొచ్చి ఫైలు తెరిచాను. సున్నా బైట్లు. రెండో కంప్యూటర్‌లో నకలు ఉంటుందని పరుగెత్తాను. ఆ నకలు తీసే ఏర్పాటు ఎంత నమ్మకస్తురాలంటే, ఖాళీ ఫైలునే అక్కడికీ మోసుకెళ్లింది.

గుర్తున్నంతవరకు మళ్లీ రాసుకున్నాను. గుర్తురానివాటిలో ఒకటి, మా దగ్గర పనిచేసిన అమ్మాయికి ఇస్తానన్న సిఫారసు లేఖ. తను నెమ్మదిగా వచ్చి అడిగేసరికి గడువు దాటి నాలుగు రోజులైంది. "పర్లేదు మేడమ్" అంది. తిట్టినా బాగుండేది.

అందుకేరా నా భయం. వంద పనులు కళ్లముందు ఉంటే యాభై మాయమైనా తెలుస్తుంది. ఒక్కటే చూసేవాడికి తొంభైతొమ్మిది పోయినా తెలీదు.

కాబట్టి రంగులు పక్కనపెట్టి ముందు ఇది చెయ్యి. చూపించే స్క్రిప్టు చదవడమే చేయాలి, ఫైలు మీద చెయ్యి వేయకూడదు. రాయక తప్పనిచోట వేరే పేరుతో రాసి, అది ఖాళీగా లేదని చూసుకుని, అప్పుడు పేరు మార్చే ఎంవీ కమాండ్‌తో పాత పేరు పెట్టు. రెండూ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో, అంటే డిస్కులో ఒకే భాగంలో, ఉంటే మధ్యలో స్క్రిప్టు ఆగిపోయినా సగం రాసిన ఫైలు నీ జాబితా చోట్లోకి రాదు. వరుసలో పెట్టడానికే అయితే సార్ట్‌కి ఉన్న -o ఆప్షన్ వాడు, అది మొత్తం చదివాకే రాస్తుంది. ఫైలు పాత రూపాలన్నీ దాచిపెట్టే గిట్‌లో పెట్టు, ఖాళీ ఫైలు వచ్చినా నిన్నటిది దొరుకుతుంది. తెర మూలన మిగిలిన పనుల సంఖ్య చిన్నగా కనపడనీ. నిన్న 63 ఉండి ఈరోజు 0 అంటే గోల పెట్టేలా రాయి. ఫైలు లేకపోవడం, ఫైలు ఖాళీగా ఉండటం, పనులైపోవడం మూడూ వేర్వేరు, వాటికి ఒకే మాట చెప్పించకు.

వాయిదా మీట పెడతావని తెలుసు, నీ సంగతి నాకు తెలీదా! పెట్టుకో, కానీ ఎన్నిసార్లు నొక్కావో లెక్క రాయించు. మూడుసార్లు వాయిదా పడిందంటే ఆ పని పెద్దదై ఉంటుంది, ముక్కలు చేసుకో. నీకు బద్ధకమని నేననను. చిన్నప్పుడు లెక్కల పుస్తకం ముందు ఏడుస్తుంటే ఒక్క లెక్క మాత్రం కనపడేలా మిగతా పేజీ నా చేత్తో మూసేదాన్ని, గుర్తుందా? చకచకా చేసేసేవాడివి. చెయ్యి తీస్తే మిగతా లెక్కలు అక్కడే ఉండేవి.

అయ్యాక స్క్రిప్టు నాకు పంపు. వంకలు పెట్టనులే. ఫైలు తెరిచే లైను ఒక్కటి చూసి తిరిగి పంపేస్తాను.

మీ అత్త